ఎముక తెల్లగా కనిపిస్తే గట్టిదేనా? – వైద్యంలో భౌతికశాస్త్రంపై పాఠకుల ప్రశ్నలు

డిగ్రీ కళాశాలల్లో ‘ఆధునిక వైద్యంలో భౌతికశాస్త్రం’ అనే పరిచయ కోర్సు ఒక్క సెమిస్టరుకైనా ఉండాలని, అది ఎం.పి.సి. వాళ్లకే కాక అన్ని గ్రూపుల వాళ్లకూ పనికివస్తుందని గత సంచికలో ఈ శీర్షిక కింద రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చినవే. కొందరు కోర్సు గురించి అడిగారు. కొందరు ఇంట్లోవాళ్ల స్కాను కాగితాలు ముందు పెట్టుకొని అడిగారు. ఈ రెండు రకాల ప్రశ్నలనూ నేను విడదీయలేదు. ఆ కాగితాన్ని ఏం అడగవచ్చో, ఏం అడగకూడదో నేర్పడమే ఆ కోర్సు పని అని నా అభిప్రాయం. రోగ నిర్ధారణ మాత్రం మీ డాక్టరుగారిదే.

ప్రశ్న: నేను నల్లగొండలో బి.ఎస్సీ. (బి.జెడ్.సి.) మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఫిజిక్స్ అంటే భయంతోనే ఈ గ్రూపు తీసుకున్నాను. మీరు రాసిన లాంటి కోర్సును మా కాలేజీలో ఐచ్ఛికంగా పెడతారంటున్నారు. లెక్కలు పెద్దగా రాని వాళ్లకు అది అర్థమవుతుందా? అందులో ఏం చెబుతారు? – ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: తప్పక అర్థమవుతుందమ్మా. ఇంటర్ బైపీసీలో రెండేళ్లు ఫిజిక్స్ చదివే వచ్చావు కాబట్టి తరంగం, పౌనఃపున్యం, పరమాణువు నీకు కొత్త కావు. ఈ కోర్సుకు కలనగణితం అక్కరలేదు. నిష్పత్తులు, ఘాతాలు, కొద్దిగా సంవర్గమానాలు తెలిస్తే చాలు. ఒక లెక్క చూడు. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎక్స్ కిరణాలు సుమారు 3.4 సెంటీమీటర్ల నీటిని దాటేసరికి సగమవుతాయి. మరో 3.4 సెంటీమీటర్లు దాటితే అందులో సగం, అంటే పావు వంతు మిగులుతాయి. మన కండ ఈ విషయంలో నీటికి చాలా దగ్గర. కనుక 20 సెంటీమీటర్ల మందమున్న పొట్టను నేరుగా దాటి అవతలి పలకను చేరేది దాదాపు 60లో ఒక వంతు మాత్రమే. మిగిలినది ఒంట్లోనే ఆగిపోతుంది, లేదా దారి మళ్లుతుంది. లావుపాటి మనిషికి మోతాదు ఎందుకు పెంచాలో, పలచటి పిల్లవాడికి అదే సెట్టింగుతో ఎక్స్‌రే తీయడం ఎందుకు తప్పో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. కోర్సులో గణితం చాలావరకు ఈ స్థాయిలోనే ఉంటుంది.

పాఠ్యాంశాల విషయానికొస్తే, ఎక్స్‌రే, సీటీ, అల్ట్రాసౌండ్, ఎమ్మారై, ఎండోస్కోపు, లేజరు, రేడియోధార్మిక పదార్థాలతో చేసే పరీక్షలు, క్యాన్సరుకు ఇచ్చే రేడియేషన్ చికిత్స అని వరుసగా ఉంటాయి. ఇవన్నీ యంత్రాల జాబితాలా చెప్పుకుంటూ పోతే పరీక్ష రాసిన మర్నాటికే మరచిపోతారు. నేనైతే ప్రతి యంత్రం దగ్గరా మూడే ప్రశ్నలు వేయమంటాను: శరీరంలోకి ఏం పంపుతున్నాం, అది లోపల దేనితో ఎలా తలపడుతోంది, బయటికి వచ్చినదాన్ని ఏ లెక్కతో బొమ్మగానో అంకెగానో మారుస్తున్నాం? 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను గుర్తించాడు. ఆ డిసెంబరులోనే తన భార్య చేతి ఎముకలను, వేలి ఉంగరాన్ని పలక మీదికి ఎక్కించాడు. అప్పటి నుంచీ జనం వీటిని ‘లోపలి ఫొటోలు’ అనుకుంటున్నారు. నిజానికి ఏ యంత్రమూ శరీరాన్ని ఉన్నదున్నట్టు చూడదు. ఎక్స్‌రే యంత్రం కిరణాలు ఎంత ఆగాయో కొలుస్తుంది. అల్ట్రాసౌండ్ ధ్వని ఎక్కడ వెనుదిరిగిందో కొలుస్తుంది. ఎమ్మారై హైడ్రోజన్ కేంద్రకాలు ఇచ్చే సంకేతాన్ని కొలుస్తుంది. ఒక్కో యంత్రం ఒక్కో భౌతిక లక్షణానికి గీసిన పటం ఇస్తుంది. ఆ లక్షణంలో తేడా లేని చోట జబ్బు ఉన్నా పటంలో కనిపించదు. దీనికి మంచి ఉదాహరణ తర్వాతి ఉత్తరంలోనే ఉంది.

ప్రశ్న: మా నాయనకు 62 ఏళ్లు. చిన్నప్పటి నుంచి బోరింగు నీళ్లు తాగిన మనిషి. ఇప్పుడు నడుము వంగదు, మెడ తిరగదు. ఎక్స్‌రేలో ఎముకలు మామూలుకంటే తెల్లగా ఉన్నాయి, ఫ్లోరోసిస్ అన్నారు. హైదరాబాదులో ఎముక సాంద్రత పరీక్ష చేయిస్తే టీ-స్కోరు చాలా ఎక్కువ వచ్చింది. అయినా డాక్టరుగారు ‘పడకుండా చూసుకోండి, ఎముక పెళుసుగా ఉంటుంది’ అన్నారు. సాంద్రత ఎక్కువైతే ఎముక గట్టిగా ఉండాలి కదా సార్? – ఒక పాఠకుడు, మర్రిగూడ మండలం

జవాబు: ఈ ప్రశ్నను కోర్సులో ఒక వారం పాఠంగా పెట్టవచ్చు. మీ డాక్టరుగారి మాటకు, ఆ కాగితంలోని అంకెకు మధ్య వైరుధ్యం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఎక్స్‌రే ఫిల్ము మీది తెలుపు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

ఎక్స్‌రే గొట్టంలో వేడెక్కిన తీగ నుంచి వెలువడిన ఎలక్ట్రాన్లు వేల వోల్టుల ఒత్తిడితో పరుగెత్తి టంగ్‌స్టన్ లోహానికి కొట్టుకుంటాయి. వాటి శక్తిలో దాదాపు 99 శాతం ఉత్త వేడిగా పోతుంది, ఒక్క శాతమే ఎక్స్ కిరణాలవుతుంది. ఆ కిరణాలు ఒంట్లోకి వెళ్లినప్పుడు వాటిని మింగేసే శక్తి పదార్థపు పరమాణు సంఖ్య ఘనంతో పెరుగుతుంది. కండలో ప్రధానమైన ఆక్సిజన్ పరమాణు సంఖ్య 8, ఎముకలోని కాల్షియం సంఖ్య 20. సమాన బరువు తీసుకుంటే కాల్షియం ఈ విధంగా కిరణాలను మింగడం సుమారు 15 రెట్లు ఎక్కువ. కిరణం అందని చోట ఫిల్ము తెల్లగా మిగులుతుంది. కాబట్టి తెలుపు చెప్పేది ఒక్కటే: కిరణం వచ్చిన దారిలో కాల్షియం లాంటి బరువు పరమాణువులు ఎక్కువగా ఉన్నాయని. అవి ఎలా పేర్చి ఉన్నాయో, వాటిని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు బాగున్నాయో లేదో తెలుపు చెప్పదు.

ఏళ్ల తరబడి ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీళ్లు తాగినప్పుడు ఎముకలోని ఖనిజ స్ఫటికంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడు ఆక్రమిస్తుంది. ఎముక అడ్డదిడ్డంగా పెరుగుతుంది. ఖనిజం ఎక్కువవుతుంది గాని దాని అల్లిక చెడుతుంది. అంతటితో ఆగకుండా, ఎముకలను కట్టి ఉంచే స్నాయువుల్లో కూడా కాల్షియం పేరుకుంటుంది. మీ నాయనగారి నడుము వంగకపోవడానికి కారణం అదే. మీ దగ్గర ఆయన ముంజేతి ఎక్స్‌రే ఉంటే వెలుతురుకు ఎత్తి చూడండి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య మామూలు మనిషికి నల్లటి ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీలో ఉండే పలచటి పొర ఎక్స్‌రేకు అందదు. ఫ్లోరోసిస్‌లో ఆ పొరకే కాల్షియం పట్టి, ఎముక అంచు నుంచి లోపలికి ముళ్లలా తెల్లటి గీతలు పొడుచుకు వస్తాయి. నడుము నొప్పి అని వెళ్లినవాళ్లకు ముంజేతి ఎక్స్‌రే రాస్తే చాలామంది ‘నొప్పి ఒకచోట, ఎక్స్‌రే ఒకచోట’ అని విసుక్కుంటారు, కానీ డాక్టరు వెదికేది ఆ ముళ్లనే.

ఇక సాంద్రత పరీక్ష. దీన్ని డెక్సా అంటారు. ఇందులో రెండు వేర్వేరు శక్తులున్న ఎక్స్ కిరణాలను పంపుతారు. ఒకే శక్తి వాడితే ఆగిన కిరణాల్లో ఎముక వాటా ఎంతో, కండ వాటా ఎంతో విడదీయలేం. తెలియనివి రెండు కాబట్టి సమీకరణాలూ రెండు కావాలి. రెండు శక్తులు ఆ రెండు సమీకరణాలను ఇస్తాయి. వచ్చిన ఫలితం చదరపు సెంటీమీటరుకు ఇన్ని గ్రాముల ఖనిజం అని ఉంటుంది. దానిని ఆరోగ్యవంతులైన యువతీయువకుల సగటుతో పోల్చి టీ-స్కోరు వేస్తారు, మైనస్ 2.5 గాని అంతకు తక్కువ గాని వస్తే ఎముకలు గుల్లబారాయంటారు. ఇక్కడ గమనించవలసింది, ఇది ఘనపరిమాణానికి లెక్కగట్టిన నిజమైన సాంద్రత కాదు, ఒక వైపు నుంచి చూసినప్పుడు పడే నీడకు కట్టిన లెక్క. వెన్నుపూసకు ముందూ వెనుకా స్నాయువుల్లో పేరుకున్న కాల్షియం కూడా ఆ నీడలోనే కలిసిపోయి ఎముక ఖాతాలో జమ అవుతుంది. అందుకే అంకె ఘనంగా కనిపిస్తుంది.

ఫ్లోరైడుతో సాంద్రత పెంచితే ఎముక బలపడుతుందా అని పూర్వం వైద్యులే ప్రయత్నించి చూశారు. ఎముకలు గుల్లబారిన స్త్రీలకు నాలుగేళ్లు రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు ఇచ్చి చూసిన ఒక అమెరికా అధ్యయనం 1990లో వెలువడింది. నడుము ఎముకల సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు, మిగతా చోట్ల ఎముకలు విరగడం ఎక్కువైంది. యంత్రం అబద్ధం చెప్పలేదు. అడిగిన దానికి సరిగానే జవాబిచ్చింది. మనం అడిగింది ఖనిజం ఎంత అని, తెలుసుకోవాలనుకున్నది బలం ఎంత అని. మీ నాయనగారికి ఆ టీ-స్కోరును భరోసాగా తీసుకోకండి. ఇంట్లో తడి నేల, గడపలు, రాత్రిపూట చీకటి వీటి విషయంలో జాగ్రత్తపడండి. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఫరవాలేదని భారత ప్రమాణం. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వస్తున్నా అలవాటుకొద్దీ, లేదా రుచి కోసం బోరు నీళ్లే తాగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ అలవాటును మాత్రం మాన్పించండి. (పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు. జిల్లా పేరు పుస్తకాలకెక్కింది గాని ఎందువల్ల ఎక్కిందో తలచుకుంటే గర్వపడాలో లేదో తెలియదు.)

ప్రశ్న: మా కోడలికి ఐదో నెల. టిఫా స్కాన్ రాశారు. ఇప్పటికే రెండు స్కాన్లు అయ్యాయి. ఇన్నిసార్లు కిరణాలు పెడితే కడుపులో బిడ్డకు ఏమీ కాదా? ఆ జిగురు ఎందుకు పూస్తారు? – ఒక గృహిణి, దేవరకొండ

జవాబు: అది కిరణం కాదమ్మా, ధ్వని. మన చెవికి వినపడే హద్దు సెకనుకు 20 వేల కంపనాలైతే, పొట్ట మీద పెట్టే పరికరం సెకనుకు ముప్ఫై నలభై లక్షల కంపనాలు చేస్తుంది. అది పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టదు, కాబట్టి ఎక్స్‌రే వల్ల వచ్చే రకం హాని దీనికి లేదు. ధ్వని శక్తి వల్ల కణజాలం అతి కొద్దిగా వేడెక్కే అవకాశం ఉంది కనుక, డాక్టరు అవసరమన్నప్పుడు అవసరమైనంత సేపే చేయాలన్నది నియమం. ఐదో నెల స్కాన్‌లో బిడ్డ గుండె గదులు, వెన్ను, మెదడు, మూత్రపిండాలు ఒక్కొక్కటిగా చూస్తారు; దానిని మానుకోవద్దు.

ధ్వని మెత్తటి కణజాలంలో సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. ఒక సెంటీమీటరు లోతుకు పోయి తిరిగి రావడానికి సెకనులో పది లక్షల వంతులు 13 పడతాయి. ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి లోతు లెక్కగడతారు. అయితే పరికరానికీ చర్మానికీ మధ్య గాలి పొర ఏమాత్రం ఉన్నా ధ్వనిలో 99.9 శాతం అక్కడే వెనక్కి తిరిగిపోతుంది, లోపలికి పోయేది దాదాపు శూన్యం. ఆ గాలిని తప్పించడానికే జెల్. గాలి నిండిన ఊపిరితిత్తుల లోతును అల్ట్రాసౌండ్ చూడలేకపోవడానికీ కారణం ఇదే. ఆడబిడ్డా మగబిడ్డా అని మాత్రం అడగకండి. 1994 నాటి చట్టం ప్రకారం చెప్పడమూ నేరమే, అడగడమూ నేరమే.

ప్రశ్న: అమ్మకు ఎమ్మారై తీసేటప్పుడు పుస్తెలతాడుతో సహా అన్నీ తీయించారు. బంగారం అయస్కాంతానికి అంటదు కదా, ఎందుకంత పట్టుదల? – వనపర్తి

జవాబు: బంగారం అంటదు, నిజమే. కానీ పుస్తెలతాడుకు ఏం వేలాడుతున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి: రెండో మూడో పిన్నీసులు. అవి ఉక్కువి. ఎమ్మారై అయస్కాంతం బలం సాధారణంగా 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30 వేల రెట్లు. పిన్నీసును అది లాగితే దారిలో ఉన్నది కన్నో బుగ్గో చూడదు. బంగారం, వెండి మట్టెలు లాగబడకపోయినా, రేడియో తరంగాల వల్ల లోహంలో విద్యుత్తు పుట్టి చర్మం కాలవచ్చు, బొమ్మా చెడుతుంది. ఇంకో ముఖ్య విషయం: ఆ అయస్కాంతం స్కాను సమయంలోనే కాదు, రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. దాని తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి, నిరోధం లేకుండా కరెంటును తిప్పుతూనే ఉంటాయి. 2018లో ముంబైలో రోగికి తోడుగా వెళ్లిన యువకుడు ఆక్సిజన్ సిలిండరుతో గదిలోకి అడుగుపెట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఒంట్లో రాడ్డు, ప్లేటు, పేస్‌మేకరు ఏది ఉన్నా ముందుగానే చెప్పాలి. ఆపరేషన్ కాగితం వెంట ఉంటే మరీ మంచిది.

ప్రశ్న: మా బాబు బండి మీది నుంచి పడితే తలకు సీటీ తీశారు, నాలుగు రోజులకు మళ్లీ తీశారు. ఏడాదికి ఎన్ని తీయవచ్చు? – అచ్చంపేట

జవాబు: రోగులకు అలాంటి కోటా ఏదీ లేదు. ఏడాదికి సగటున 20 మిల్లీ సీవర్టులు (ఒంటికి అందే రేడియేషన్ మోతాదుకు కొలమానం) అనే హద్దు రేడియేషన్‌తో పనిచేసే సిబ్బందికి. పోలిక కోసం చెబుతున్నాను: ప్రపంచ సగటున ప్రకృతి నుంచే ప్రతి మనిషికీ ఏడాదికి సుమారు 2.4 మిల్లీ సీవర్టులు అందుతాయి, తల సీటీ ఒకటి సుమారు 2, పొట్ట సీటీ 8 నుంచి 10, ఛాతీ ఎక్స్‌రే 0.1 లోపే. తలలో రక్తస్రావం పెరుగుతోందా అని చూడవలసి వచ్చినప్పుడు రెండోసారి తీయడంలో తప్పు లేదు. పిల్లలకు రేడియేషన్ ప్రభావం ఎక్కువ కాబట్టి అవసరం ఏమిటని మర్యాదగా అడగండి, పాత సీడీని వెంట తీసుకెళ్లండి. సీడీ మరచిపోయి వచ్చారని మళ్లీ తీసిన సీటీలే అన్నిటికన్నా అనవసరమైనవి.

ప్రశ్న: నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఫిజిక్స్ లెక్చరర్‌ను. మా ల్యాబులో వెర్నియర్, లోలకం, ప్రిజమ్ తప్ప ఏమీ లేవు. ఎమ్మారై గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడం తప్ప ఈ కోర్సులో ప్రయోగాలు ఎలా చేయించాలి?

జవాబు: ఎమ్మారైకి నిజంగానే బోర్డే గతి. మిగతావాటికి దారి ఉంది. మొదట సీటీని తీసుకోండి, దానికి కాగితం చాలు. చుట్టూ అనేక దిక్కుల నుంచి ఎక్స్ కిరణాలు పంపి, ఒక్కో దారిలో మొత్తం ఎంత ఆగిందో చూసి, లోపల ఎక్కడ ఏముందో లెక్కగట్టడమే సీటీ. నాలుగు గళ్లలో నాలుగు అంకెలు రహస్యంగా రాయండి: పై వరుసలో 5, 2, కింది వరుసలో 1, 7. విద్యార్థులకు అంకెలు చెప్పకుండా మొత్తాలు మాత్రమే ఇవ్వండి. అడ్డంగా 7, 8. నిలువుగా 6, 9. గళ్లలో ఏముందో కనుక్కోమనండి. ఎవరో ఒకరు 4, 3, 2, 6 అంటారు. అవీ సరిపోతాయి! రెండు దిక్కుల నుంచి చూస్తే చాలదని వాళ్లకు వాళ్లే తెలుసుకున్నాక ఐమూలగా మొత్తాలు ఇవ్వండి: 12, 3. మొదటి గడి ఉన్న అడ్డు మొత్తం 7, నిలువు మొత్తం 6 కలిపితే 13. అందులో ఆ గడి రెండుసార్లు, రెండో ఐమూల మొత్తమైన 3 ఒకసారి ఉన్నాయి. అంటే ఆ గడి 5. ఇక మిగతావి వాటంతటవే పడతాయి. 1971 అక్టోబరు 1న లండన్‌లో ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ యంత్రంతో తొలి రోగి మెదడును చూసినప్పుడు ఆ బొమ్మలో గళ్లు 80 అడ్డం, 80 నిలువు. ఇప్పుడు సాధారణంగా 512 చొప్పున ఉంటాయి. గళ్లు పెరిగాయి, లెక్క పద్ధతులూ ఎంతో మెరుగయ్యాయి, కానీ అడిగే ప్రశ్న ఇదే. హౌన్స్‌ఫీల్డ్‌కూ, 1963లోనే ఈ గణితాన్ని రాసి పెట్టిన భౌతికశాస్త్రవేత్త కార్మాక్‌కూ 1979లో నోబెల్ వచ్చింది.

రోబో కిట్లలో వచ్చే చిన్న అల్ట్రాసోనిక్ సెన్సారు 40 కిలోహెర్ట్‌జ్ మీద పనిచేస్తుంది. గాలిలో దాని తరంగదైర్ఘ్యం సుమారు 8.6 మిల్లీమీటర్లు. దాని ముందు అట్టను, దిండును మార్చి మార్చి పెట్టి ఏది సరిగా దొరుకుతోందో రాసుకోమనండి. తర్వాత 3.5 మెగాహెర్ట్‌జ్ ధ్వనికి కణజాలంలో తరంగదైర్ఘ్యం 0.44 మిల్లీమీటర్లని వాళ్లచేతే లెక్క వేయించండి. వైద్యులకు అంత ఎక్కువ పౌనఃపున్యం ఎందుకు కావాలో అడగకుండానే చెబుతారు. నీళ్ల సీసాకు చిల్లు పెట్టి, ఎదుటి వైపు నుంచి లేజర్ పాయింటర్ వేస్తే వంగి పడే ధారతో పాటు వెలుగూ వంగుతుంది. ఎండోస్కోపుకు ఆధారమైన సంపూర్ణాంతర పరావర్తనం అదే. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో హాప్‌కిన్స్ అనే శాస్త్రవేత్తతో కలిసి గాజు పోగుల కట్టతో బొమ్మను పంపి చూపాడని కూడా చెప్పండి.

నూరు నాణేలు ఎగరవేసి, బొమ్మ పడినవాటిని తీసేస్తూ పోతే అర్ధజీవితకాలం (రేడియోధార్మిక పదార్థం సగమయ్యే సమయం) గ్రాఫు వస్తుంది. స్కాన్ల కోసం ఒంట్లోకి ఎక్కించే రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం-99ఎం అర్ధజీవితకాలం 6 గంటలు. ఉదయం ఇచ్చిన ఇంజెక్షను మర్నాడు అదే వేళకు 16వ వంతే మిగులుతుందని ఆ గ్రాఫు మీదే చూపించవచ్చు. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు ఎవరి ఇంట్లోనైనా ఉంటుంది. 660 నానోమీటర్ల ఎరుపు, 940 నానోమీటర్ల పరారుణ కాంతి వేలిలో ఎంతెంత ఆగాయో పోల్చి అది అంకె ఇస్తుంది. గోళ్ల రంగు వేసిన వేలికి, వేయని వేలికి, చల్లటి నీళ్లలో ముంచిన వేలికి రీడింగులు తీయించండి. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లకు ఈ పరికరం ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపే అవకాశం ఉందని చెప్పడం మరచిపోకండి. ఎండలో పనిచేసే మన రైతుకూలీల విషయంలో అది చిన్న సంగతి కాదు. సెమిస్టరులో ఒక్కసారైనా మహబూబ్‌నగర్‌లోనో మీ దగ్గరలోనో ఉన్న ప్రభుత్వ వైద్య కళాశాల రేడియాలజీ విభాగాన్ని అనుమతితో చూపించండి. సిబ్బంది ఛాతీకి పెట్టుకునే చిన్న బ్యాడ్జి ఏం చేస్తుందో అక్కడే అడిగించండి.

ప్రశ్న: ఈ కోర్సు చదివితే మెడికల్ ఫిజిసిస్ట్ ఉద్యోగం వస్తుందా? – ఇద్దరు విద్యార్థులు, మిర్యాలగూడ

జవాబు: రాదు. ఇది పరిచయ కోర్సు మాత్రమే. రేడియేషన్ చికిత్స విభాగంలో రోగికి ఇచ్చే మోతాదును లెక్కగట్టి, యంత్రాన్ని సరిచూసే మెడికల్ ఫిజిసిస్టు అర్హతలను అణుశక్తి నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. డిగ్రీలో ఫిజిక్స్ ప్రధాన సబ్జెక్టుగా ఉండి తీరాలి. ఆ తర్వాత ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేయవచ్చు, లేదా చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం వంటి చోట నేరుగా ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్‌లో చేరవచ్చు. చదువు తర్వాత ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. బి.జెడ్.సి. వాళ్లకు ఈ దారి మూసి ఉన్నట్టే. వాళ్లకు స్కాను గదిలో పనిచేయాలని ఉంటే మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమా గాని డిగ్రీ గాని చూసుకోవాలి. చేరే ముందు ఆ సంస్థకు గుర్తింపు ఉందో లేదో పారామెడికల్ బోర్డు దగ్గరే కనుక్కోండి, సంస్థ ఇచ్చే కరపత్రం చూసి కాదు.